బడి గేటు దగ్గర చిప్స్, కూల్‌డ్రింక్ ప్రకటనలు పెట్టొచ్చా? తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన 50 మీటర్ల నిబంధన

ఈ సమాచారం ఎవరి కోసం?

‘తల్లికి వందనం’ డబ్బు అందుకుంటున్న తల్లులు, పిల్లలు బడిలో ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ తింటున్న తల్లిదండ్రులు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు, బడి దగ్గర చిన్న కొట్టు నడుపుకుంటున్నవాళ్లు తప్పకుండా చదవండి. ఇది కేంద్ర నిబంధన కాబట్టి తెలంగాణలో ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. సర్కారు బడి అయినా, ప్రైవేటు బడి అయినా తేడా లేదు.

ముందుగా ముఖ్యమైన మాట

కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉండే తినుబండారాలను బడి ఆవరణలో అమ్మకూడదు, ఉచితంగా పంచకూడదు, వాటికి ప్రకటన చేయకూడదు. బడి గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపల బడి పిల్లలకు కూడా అమ్మకూడదు, ప్రకటన చేయకూడదు. ఈ నిబంధన 2021 జులై 1 నుంచి అమల్లో ఉంది. సిగరెట్, గుట్కాలకు బడి చుట్టూ 100 గజాల నిషేధం ఉందని చాలామందికి తెలుసు, గోడల మీద ఆ బోర్డు చూసే ఉంటారు. తిండికి కూడా అలాంటి గీత ఒకటి ఉందన్న సంగతి మాత్రం ఎక్కువమందికి తెలియదు.

అసలు సమస్య ఎక్కడ?

పొద్దున బడికి బయల్దేరేటప్పుడు పిల్లాడు పది రూపాయలు అడుగుతాడు. ఇంటర్వెల్ గంట కొట్టగానే గేటు బయట కొట్టుకు పరిగెత్తి ప్యాకెట్ కొంటాడు. మధ్యాహ్నం ప్లేటులో అన్నం, పప్పు సగం వదిలేస్తాడు. వంట బాగాలేక కాదు, ఆకలి అప్పటికే చచ్చిపోయింది.

దీన్ని రెండు రకాలుగా లెక్క వేసి చూడండి.

మొదటిది డబ్బు లెక్క. రోజుకు 10 రూపాయలు, ఏడాదికి 220 పనిదినాలు అనుకుంటే 2,200 రూపాయలు. తల్లికి వందనం కింద ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు. అందులో బడి నిర్వహణకు 2,000 పోగా తల్లి ఖాతాలో పడేది 13,000. అంటే ఆ డబ్బులో ఆరో వంతు ప్యాకెట్లకే పోతోంది. ఇద్దరు పిల్లలుంటే 4,400 రూపాయలు.

రెండోది పోషణ లెక్క. పీఎం పోషణ్ నిబంధనల ప్రకారం బడి భోజనంలో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ ఉండాలి. 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాముల ప్రొటీన్. అందుకే గుడ్డు, పప్పు, రాగిజావ, చిక్కీ. ప్యాకెట్ తిన్న పిల్లాడికి కడుపు నిండినట్టే ఉంటుంది కానీ ఈ ప్రొటీన్ ఒంటికి పట్టదు. ప్రభుత్వం మీ బిడ్డ కోసం పెట్టే ఖర్చు పళ్లెంలోనే మిగిలిపోతుంది.

2016–18లో కేంద్రం దేశమంతా చేసిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, బడి వయసు పిల్లల్లో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి షుగర్ వ్యాధికి ముందు దశ ఉన్నట్టు తేలింది. షుగర్ పెద్దవాళ్ల జబ్బు అనుకునే రోజులు పోయాయి.

ప్రకటనకు అంత బలం ఉందా?

ఉంది. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రకటన అంటే ‘మనచేత కొనిపించడానికి చెప్పే మాట’ అని అర్థం కాదు. బొమ్మ నవ్వుతోంది కాబట్టి తిండి మంచిదే అనుకుంటారు. అదే బొమ్మ బడి గోడ మీద ఉంటే, మాస్టారు కూడా తినమంటున్నట్టే వాళ్లకు లెక్క. అందుకే పిల్లలు గుమిగూడే చోట్లలో, ముఖ్యంగా బడుల్లో, ఇలాంటి ప్రచారం అసలు ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లోనే సభ్య దేశాలకు సిఫారసు చేసింది.

నిబంధన ఎలా వచ్చింది?

బడుల్లో, బడుల చుట్టుపక్కల జంక్ ఫుడ్ అమ్మకాలు ఆపాలని 2010లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2015 మార్చిలో కోర్టు, దీనికి నియమాలు చేయాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థను ఆదేశించింది. దీన్నే ఎఫ్ఎస్ఎస్ఏఐ అంటారు. ప్యాకెట్ల మీద 14 అంకెల లైసెన్స్ నంబరు పక్కన కనిపించే పేరు ఇదే. ఆ సంస్థ 2020 సెప్టెంబరు 4న ‘బడి పిల్లలకు సురక్షిత ఆహారం, సమతుల ఆహారం’ నిబంధనలు ప్రకటించింది. సిద్ధం కావడానికి సమయం ఇచ్చి, 2021 జులై 1 నుంచి అమలు చేసింది.

ఏ తిండి ఈ నిబంధన కిందికి వస్తుంది?

సంతృప్త కొవ్వు, ట్రాన్స్ ఫ్యాట్, కలిపిన చక్కెర, సోడియం – ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఎక్కువ ఉన్నా వస్తుంది. సోడియం అంటే ప్రధానంగా ఉప్పే. మన మాటల్లో చెప్పుకుంటే చిప్స్, కుర్‌కురేలాడే మసాలా ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, చక్కెర కలిపిన జ్యూస్ ప్యాకెట్లు, చాక్లెట్లు, బిళ్లలు, ప్యాకెట్ నూడుల్స్, నూనెలో వేయించిన తిండి.

ప్రకటన అంటే ఏవేవి?

ప్రకటన అంటే టీవీలో వచ్చేది మాత్రమే అనుకోకండి. కంపెనీ గుర్తు గానీ, పేరు గానీ, పోస్టరు గానీ బడి ఆస్తి మీద, బడి సామాను మీద కనిపిస్తే అదీ ప్రచారమే. బడిలో ఇవి ఉన్నాయేమో చూడండి:

• ప్రహరీ గోడ మీద, తరగతి గది గోడ మీద కూల్‌డ్రింక్ బొమ్మ
• ‘ఫలానా కంపెనీ సౌజన్యంతో’ అని రాసిన బడి పేరు బోర్డు
• పుస్తకాల అట్టలు, నోట్‌బుక్కులు, టైంటేబుల్ కార్డుల మీద చిప్స్ కంపెనీ గుర్తు
• ఆటల పోటీల్లో బ్యానర్లు, స్కోర్ బోర్డులు
• బడి బస్సు, ఆటస్థలం మీద రాతలు
• క్విజ్, డ్రాయింగ్ పోటీ పేరుతో వచ్చి పంచే ఉచిత ప్యాకెట్లు

చివరిది బాగా గుర్తుపెట్టుకోండి. ‘ఉచితంగా ఇస్తున్నాం కదా, అమ్మడం లేదు కదా’ అంటారు. నిబంధనలో ఉచిత పంపిణీని కూడా కలిపే రాశారు.

50 మీటర్లు ఎలా కొలవాలి?

టేపు అక్కర్లేదు. పెద్ద మనిషి మామూలు అడుగులతో గేటు నుంచి సుమారు 65, 70 అడుగులు నడిస్తే 50 మీటర్లు అవుతుంది. రోడ్డుకు ఎదురు వైపు, ఎడమ, కుడి – ఎటైనా ఇదే లెక్క. బడికి రెండు గేట్లుంటే రెండింటి నుంచీ కొలవాలి.

గేటు దగ్గర బోర్డు ఉండాలి

ఈ తినుబండారాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపల బడి పిల్లలకు గానీ అమ్మవద్దు, ఉచితంగా ఇవ్వవద్దు, ప్రకటన చేయవద్దు అని హెచ్చరిక బోర్డు ప్రతి గేటు దగ్గర పెట్టాలి. ఇంగ్లీషులో గానీ, ఒక భారతీయ భాషలో గానీ ఉండొచ్చు. మన ఊళ్లలో తెలుగులో రాస్తేనే ఉపయోగం. రేపు బడికి వెళ్లినప్పుడు ముందు ఈ బోర్డు ఉందో లేదో చూడండి. లేకపోతే అడగాల్సిన మొదటి పని అదే.

బడి పెద్దల బాధ్యత ఏమిటి?

బడి తానే క్యాంటీన్ నడిపినా, హాస్టల్ మెస్ నడిపినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్స్ తీసుకోవాలి. కాంట్రాక్టుకు ఇస్తే ఆ కాంట్రాక్టరుకు అది ఉందో లేదో చూసుకోవాలి. సురక్షిత ఆహారం, సమతుల ఆహారం గురించి పిల్లలకు చెప్పే కార్యక్రమం బడిలో ఉండాలి.

సీబీఎస్ఈ బడుల్లో ఇంకొకటి వచ్చింది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటిలో ‘షుగర్ బోర్డులు’ పెట్టమంది. ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు కనిపించేలా రాసే బోర్డు అది. రోజూ తినే కేలరీల్లో చక్కెర వాటా 5 శాతం మించకూడదు. కానీ 4 నుంచి 10 ఏళ్ల పిల్లల్లో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ల వాళ్లలో 15 శాతం ఉంటోందని ఆ సర్క్యులర్‌లో ఉంది. మన బడి సీబీఎస్ఈ కాకపోయినా అలాంటి బోర్డు పెట్టుకోవద్దని ఎవరూ అనరు. ఒక చార్టు, ఒక స్కెచ్ పెన్ను చాలు.

ప్యాకెట్ వెనక ఎలా చదవాలి?

ముందు వైపు బొమ్మలు కంపెనీ చెప్పే మాట. వెనక వైపు పట్టిక చట్టం రాయించిన మాట. అక్షరాలు చిన్నవి, ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. చదువు రాకపోతే మీ పిల్లలచేతే చదివించండి, వాళ్లకూ పాఠం అవుతుంది.

1. ‘యాడెడ్ షుగర్స్’ అంటే విడిగా కలిపిన చక్కెర. కూల్‌డ్రింక్ మీద 100 మి.లీ.కు 10 గ్రాములు అని ఉందనుకోండి. 250 మి.లీ. సీసాలో 25 గ్రాములు. చెంచాకు 4 గ్రాముల లెక్కన ఆరు చెంచాల పైమాటే. టీలో ఆరు చెంచాల పంచదార వేసి ఇస్తే మీరు తాగుతారా?

2. ‘సోడియం’ పెద్దవాళ్లకే రోజుకు 2,000 మిల్లీగ్రాములు మించకూడదు. అది సుమారు 5 గ్రాముల ఉప్పుతో సమానం. పిల్లలకు ఇంకా తక్కువ.

3. లెక్క ‘100 గ్రాములకు’ ఉందా, ‘ఒకసారి తినేదానికి’ ఉందా చూడండి. చాలామంది మోసపోయేది ఇక్కడే. ఒకసారి తినేది 20 గ్రాములని రాసి ప్యాకెట్ 60 గ్రాములుంటే, పిల్లాడు తినేది దానికి మూడు రెట్లు.

4. పదార్థాల జాబితాలో ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. చక్కెర మొదటి రెండు మూడు పేర్లలో ఉంటే ఆ ప్యాకెట్ సంగతి మీకు అర్థమైనట్టే.

‘హెల్త్ డ్రింక్’ అన్న మాట నమ్మొచ్చా?

మన ఆహార భద్రత చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అన్న రకమే లేదు. అందుకే పాల పొడి, మాల్ట్ పొడి పానీయాలను ఆ పేరు కింద చూపించవద్దని 2024 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు చెప్పింది. అలాగే కెఫీన్ ఉన్న ఎనర్జీ డ్రింకుల డబ్బా మీద ‘పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదు’ అనే హెచ్చరిక ఉండాలి. పదో తరగతి పరీక్షలప్పుడు నిద్ర రాకుండా పిల్లలు ఇవి తాగుతుంటారు. డబ్బా తిప్పి ఆ హెచ్చరిక చూపించండి.

టీవీ విషయంలోనూ నియమం ఉంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల కార్యక్రమాల మధ్యలో, పిల్లల ఛానళ్లలో చిప్స్, కూల్‌డ్రింకుల వంటి జంక్ ఫుడ్ ప్రకటనలు వేయకూడదు.

గేటు దగ్గర కొట్టు పెట్టుకున్న అక్కలకు, అన్నలకు

ఈ కాగితం చదివి మీ పొట్ట కొడుతున్నారని అనుకోవద్దు. బడి దగ్గర కొట్లు నడిపేవాళ్లలో డ్వాక్రా అప్పు తీసుకుని పెట్టుకున్నవాళ్లూ, అదే బడిలో పిల్లలు చదువుతున్నవాళ్లూ ఉన్నారు. నిబంధన మిమ్మల్ని కొట్టు మూసేయమనడం లేదు. బడి పిల్లలకు ఏం అమ్మకూడదో చెబుతోంది, అంతే.

• ఉడకబెట్టిన వేరుశనగలు, శనగల గుగ్గిళ్లు, మొక్కజొన్న పొత్తులు, తేగలు, జామకాయలు, అరటిపళ్లు, రేగిపళ్లు, సపోటాలు, నువ్వుల ఉండలు, పల్చటి మజ్జిగ – ఇవి పిల్లలు కొనేవే, ఐదు పది రూపాయల్లో అమ్మగలిగేవే. మూతపెట్టి, ఈగలు వాలకుండా ఉంచితే తల్లులు కూడా అభ్యంతరం చెప్పరు.
• కూల్‌డ్రింక్ కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చిన పేరు బోర్డు, గొడుగు, ఫ్రిజ్ మీద వాళ్ల గుర్తు పెద్దగా ఉంటుంది. గేటుకు 50 మీటర్ల లోపల ఉంటే ఆ గుర్తును కప్పేయండి, లేదా మీ పేరుతో మామూలు బోర్డు రాయించుకోండి. అధికారులు వచ్చాక తీయడం కన్నా ముందే తీస్తే మంచిది.
• సరుకు ఒక్కరోజులో మార్చడం కష్టం. ఉన్న స్టాకు గేటుకు దూరంగా అమ్ముకునే వీలు, కొంత గడువు కావాలని కమిటీని అడగండి. కమిటీ సభ్యులారా, మీరూ ముందు మాట్లాడండి, తర్వాతే ఫిర్యాదు. పెద్ద కంపెనీ వేసిన గోడ బొమ్మను వదిలేసి బుట్ట పెట్టుకున్న అవ్వ మీద పడటం న్యాయం కాదు.

మీరు ఏం చేయాలి?

మొదటి మెట్టు: బోర్డు ఉందా, గోడల మీద ప్రకటనలున్నాయా, ఎవరైనా ఉచితంగా పంచుతున్నారా చూసి ఫోన్‌లో ఫోటోలు తీయండి. పిల్లల ముఖాలు పడకుండా జాగ్రత్తపడండి.

రెండో మెట్టు: ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడండి. చాలా చోట్ల ఈ నిబంధన తెలియకే జరుగుతుంది. గోడకు ఉచితంగా రంగులు వేస్తామంటే సరేనన్న బడులున్నాయి.

మూడో మెట్టు: పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో గానీ, తల్లిదండ్రుల సమావేశంలో గానీ లేవనెత్తండి. విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలే ఉండాలి. అంటే మాట చెల్లేది మీదే. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించండి. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో అడగొచ్చు.

నాలుగో మెట్టు: పని జరగకపోతే జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 1100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. తెలంగాణలో సోమవారం ప్రజావాణి ఉంది.

ఐదో మెట్టు: ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800 11 2100. ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫోటోతో ఫిర్యాదు పెట్టొచ్చు. మోసపూరిత ప్రకటన అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆహారం గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంది.

ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోవడం మర్చిపోవద్దు. నంబరు లేకపోతే తర్వాత అడగడానికి ఆధారం ఉండదు.

నమూనా అర్జీ (తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి)

‘ప్రధానోపాధ్యాయులు గారికి / కమిటీ చైర్‌పర్సన్ గారికి,
నా కుమారుడు / కుమార్తె మీ పాఠశాలలో ____ తరగతి చదువుతున్నారు. పాఠశాల గోడ మీద / గేటు ఎదురుగా ________ ప్రకటన ఉంది. 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం పాఠశాల ఆవరణలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపల పిల్లలకు ఇలాంటి ప్రకటన చేయకూడదు. దయచేసి దీన్ని తొలగించి, గేటు దగ్గర హెచ్చరిక బోర్డు పెట్టించగలరు. తీసుకున్న చర్యను తదుపరి సమావేశంలో తెలియజేయగలరు.
తేదీ, సంతకం / వేలిముద్ర’

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద ‘అందినది’ అని సంతకం తీసుకోండి.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: పుట్టినరోజుకు పిల్లలు చాక్లెట్లు పంచితే తప్పా?
జవాబు: నిబంధన గురిపెట్టింది కంపెనీల అమ్మకం, ప్రచారాల మీద. పుట్టినరోజు విషయం మీ బడి నిర్ణయం. చాక్లెట్ల బదులు అరటిపళ్లు, పెన్సిళ్లు పంచుదామని కమిటీలో తీర్మానం చేసుకోవచ్చు.

ప్రశ్న: కంపెనీ విరాళం ఇస్తే తీసుకోకూడదా?
జవాబు: విరాళం వేరు, విరాళం పేరుతో గోడ మీద చిప్స్ గుర్తు వేయడం వేరు. బడి సామాను మీద, గోడల మీద ఆ గుర్తు ఉండకూడదు.

ప్రశ్న: బ్యాంకు, బట్టల కొట్టు ప్రకటనలకు కూడా ఇదే నియమమా?
జవాబు: కాదు. ఈ నిబంధన కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి గురించి మాత్రమే.

ప్రశ్న: ఫిర్యాదు చేస్తే నా బిడ్డను బడిలో ఇబ్బంది పెడతారేమో?
జవాబు: ఆ భయం ఉంటే ఒక్కరే వెళ్లకండి. నలుగురైదుగురు తల్లులు కలిసి సంతకాలు చేసి కమిటీ ద్వారా ఇవ్వండి. అప్పుడు అది ఒక ఇంటి ఫిర్యాదు కాదు, బడి తీర్మానం.

ప్రశ్న: బడి దగ్గర ఆపితే ఇంటి దగ్గర కొంటారు కదా?
జవాబు: కొనొచ్చు. ఇంటి దగ్గర వద్దనడానికి మీరుంటారు. బడిలో ఉన్న ఏడెనిమిది గంటలు మీరు పక్కన ఉండరు. అక్కడ మీ తరఫున ఉండాల్సింది ఈ నిబంధనే.

గుర్తుంచుకోండి

• గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్లు, అంటే సుమారు 70 అడుగుల నడక
• అమ్మకం, ఉచిత పంపిణీ, ప్రకటన – మూడూ కుదరవు
• ప్రతి గేటు దగ్గర హెచ్చరిక బోర్డు ఉండాలి
• ముందు మాట, తర్వాత తీర్మానం, ఆ తర్వాతే ఫిర్యాదు
• 1800 11 2100, 1915 నంబర్లు ఫోన్‌లో సేవ్ చేసుకోండి

ఈ రోజు సాయంత్రం బిడ్డ బడి నుంచి రాగానే రెండే ప్రశ్నలు అడగండి: ‘మధ్యాహ్నం గుడ్డు తిన్నావా? ఇంటర్వెల్లో ఏం కొన్నావు?’ ఆ రెండు జవాబులు వింటే రేపు బడికి వెళ్లి ఏం అడగాలో మీకే తెలుస్తుంది. ఈ పీడీఎఫ్‌ను మీ తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపులో పంపండి. ఫోన్ లేని తల్లికి చదివి వినిపించండి.